చక్రాల మీద ఇల్లు: మీ ఉత్తరాలకు జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఉత్తరాలు రెట్టింపయ్యాయి. ఈసారి ఎక్కువమంది అడిగింది మోటారుహోము, అంటే వంటిల్లూ పడకలూ ఉన్న బండి, ప్రయాణాల గురించే. ఈ శీర్షికకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో, ఇప్పుడు ఉంటున్నది కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర. మావారూ నేనూ పదకొండేళ్ళుగా 24 అడుగుల మోటారుహోములో తిరుగుతున్నాం. స్టీరింగు ఎక్కువగా నా చేతిలోనే ఉంటుంది. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాటు మీదుగా భద్రాచలం బస్సు నడిపేవారు. బండి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర విన్నదే.

అక్కా, పోయిన ఆగస్టులో నాలుగు కుటుంబాలం, పిల్లలతో కలిపి పద్నాలుగు మందిమి, మూడు మోటారుహోములు అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్ళాం. మాడిసన్ కాంప్‌గ్రౌండులో దిగాం. రాత్రి అందరం మా సైటులో, అంటే మా బండికి ఇచ్చిన జాగాలో, చేరి భోంచేసి అంత్యాక్షరి ఆడుకుంటున్నాం. పదిన్నరకి పక్క టెంటాయన వచ్చి కసిరాడు. ఏసీ కోసం జెనరేటరు వేసుకుంటే దానికీ గొడవే. ఆఖరికి పార్కు చూసుకునే రేంజరు వచ్చి ఎవరి సైటుకి వాళ్ళని పొమ్మన్నాడు. మేం తెల్లవాళ్ళమైతే ఇలా చేసేవారా? పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది.
— డాలస్ నుంచి ఒక పాఠకుడు

తమ్ముడూ, పిల్లలు చూస్తుండగా అలా జరిగితే మనసు ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు. రంగు చూసి మాట మార్చేవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు, లేరని నేను అనను. ఆయన కసరకుండా మెల్లగా చెప్పి ఉండాల్సింది. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు నిబంధనలు తప్పాయి, ఆ మూడూ అక్కడ ఎవరికైనా ఒకటే. ఎల్లోస్టోన్‌లో ఒక సైటుకి ఆరుగురికి మించకూడదు, మీరు పద్నాలుగు మంది చేరారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. జెనరేటరు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకానే. రేంజరు చేసింది ఆయన ఉద్యోగం.

ఈ నిబంధనలు ఎందుకొచ్చాయో తెలిస్తే నీకు కోపం తగ్గుతుందని నా ఆశ. మాడిసన్‌లో కరెంటు కనెక్షన్లు ఉండవు. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది గుడ్డ డేరాల్లో పడుకుంటారు. మీ పక్కాయనకీ మీ పాటకీ మధ్య అడ్డం ఒక పల్చటి గుడ్డ, అంతే. మోటారుహోము మాత్రం ఎంత? మా బండి గోడ రెండంగుళాల మందం కూడా లేదు. పక్క బండిలో పసిపిల్ల ఏడిస్తే నాకు వినబడుతుంది, మావారి గురక వాళ్ళకి వినబడుతుంది. ఇక్కడ మన బండిలోంచి బయటికి పోయేది ఏదైనా సరే, మాటైనా పొగైనా వెలుగైనా నీళ్ళైనా, వేరేవాళ్ళ ఇంట్లోకే పోతుంది. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్కలోంచే వచ్చింది.

అక్కడ రాత్రి మాటలు తగ్గాక వినబడేవి వేరే ఉన్నాయి. ఒక సెప్టెంబరు అర్ధరాత్రి మాడిసన్‌లోనే నాకు మెలకువ వచ్చింది. నది అవతల మైదానంలో మగ ఎల్కు, అంటే పెద్ద జాతి జింక, కూస్తోంది. అంత పెద్ద జంతువు గొంతులోంచి సన్నటి ఈల లాగా మొదలై, పైకి వెళ్ళి, చివర బుసకొట్టినట్టు ఆగుతుంది. మావారిని లేపాను. ఇద్దరం కిటికీ అద్దం బెత్తెడు తీసుకుని అరగంట కూర్చున్నాం. చుట్టూ యాభై బండ్లున్నాయి, ఒక్క జెనరేటరు చప్పుడు లేదు. ఆ అరగంటని మాకు ఇచ్చింది ఆ బండ్లలోని మనుషులే.

ఏసీ సంగతి: మాడిసన్ 6,800 అడుగుల ఎత్తున ఉంది. ఆగస్టులో కూడా రాత్రి అక్కడ దుప్పటి కావాలి. పైకప్పు కిటికీ తీసి, పక్క కిటికీ ఒకటి తీస్తే చాలు. ఫోన్లూ లాప్‌టాపులూ పగలు బండి నడిచేటప్పుడే ఛార్జి చేసుకోండి.

పాడుకోవడం తప్పు కాదమ్మా. ఈసారి మధ్యాహ్నం పిక్నిక్ చోట్లలో పాడుకోండి. లేదా పెద్ద గుంపుల కోసం విడిగా ఉండే గ్రూపు సైట్లు ముందే బుక్ చేసుకోండి. దిగగానే ఎడమ పక్కవాళ్ళనీ కుడి పక్కవాళ్ళనీ పలకరించండి. నేను జంతికల పొట్లం పట్టుకెళ్తాను. అందులో ఏమేం వేశానో చెప్తాను, ఎవరి ఒంటికి ఏది పడదో మనకి తెలియదు కదా. "మాతో పిల్లలున్నారు, గోల ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి" అంటాను. అలా అన్నాక ఎవరూ కసురుకుంటూ రాలేదు. వచ్చినా నవ్వుతూ వచ్చారు.

పిల్లలకి ఇంకొకటి చెప్పాలి. బాత్రూముకి దగ్గరదారి అని పక్కవాళ్ళ సైటులోంచి అడ్డంగా నడవకూడదు. మన వాకిట్లో ముగ్గు తొక్కుకుంటూ ఎవరో పోతే ఎలా ఉంటుంది? ఆ రాళ్ళ పొయ్యీ ఆ బల్లా రెండు రోజులపాటు వాళ్ళ వాకిలి.

మేడం, మోటారుహోములో తాలింపు వేసినప్పుడల్లా పొగ అలారం చెవులు పగిలేలా మోగుతోంది. విసుగొచ్చి మావారు దాని బ్యాటరీ తీసేశారు. అదీకాక రైస్ కుక్కర్ పెడితే ఫ్యూజు పోయినట్టు కరెంటు పోతోంది. బండి మంచిది కాదేమో అనుకుంటున్నాం.
— అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, ఈ జవాబు చదవడం ఆపి ముందు ఆ బ్యాటరీ పెట్టేయండి. మీరు పడుకునే చోటికీ గ్యాసు పొయ్యికీ మధ్య నాలుగడుగులు ఉంటుంది, అంతే. మంట అంటుకుంటే ఆ అలారం ఒక్కటే మీకు ఉన్న కాపలా.

బండిలో సాధారణంగా మూడు రకాల కాపలాలు ఉంటాయి, వేటికవే వేరు. పొగది పైకప్పుకి ఉంటుంది. ప్రొపేన్ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగి పరుచుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టేది నేలకి దగ్గరగా, పాదాల దగ్గర ఉంటుంది. మూడోది కార్బన్ మోనాక్సైడ్‌ది. ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. చలేస్తోందని గ్యాసు పొయ్యి వెలిగించి వదిలేసినా, బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చినా, జెనరేటరు పొగ కిటికీలోంచి లోపలికి వచ్చినా అది చేరుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. బండి తీసుకున్న రోజే ఈ మూడింటి మీదా పరీక్ష బటను నొక్కి చూసుకోండి. మంటలార్పే సిలిండరు ఎక్కడుందో, ఆపదలో బయటపడటానికి ఎర్ర పిడి ఉన్న కిటికీని ఎలా తోయాలో ఇంట్లో అందరి చేతా ఒకసారి చేయించండి.

ఇక తాలింపు. నేను లోపల వెయ్యను. సైటులో ఉన్న బల్ల మీద ఒంటి పొయ్యి పెట్టుకుంటాను. బండికి ఉన్న గుడ్డ పందిరి కింద మాత్రం పెట్టను, అది అంటుకుంటే ఆర్పే లోపే బండి అంటుకుంటుంది. చిన్న ఇనప గరిట, రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర. ఎండుమిరపకాయ వేసే ముందు గాలి ఎటు పోతోందో ఒకసారి చూస్తాను. అది పక్కవాళ్ళ బల్ల వైపుంటే మిరపకాయ ఆ పూటకి మానేస్తాను. ఆ ఘాటుకి మనకే దగ్గొస్తుంది, అలవాటు లేనివాళ్ళకి కళ్ళు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువ రోజుల ప్రయాణమైతే ఇంటి దగ్గరే తాలింపు వేయించి సీసాలో పోసుకుని పట్టుకెళ్తాను. వేడి పప్పులో రెండు చెంచాలు కలిపితే సరిపోతుంది.

ఎలుగుబంట్లు తిరిగే చోట వంట అవగానే గరిటతో సహా అన్నీ లోపలికి. ఆవకాయ జాడీ, ఖాళీ గిన్నె, నూనె మరక ఉన్న గుడ్డ, ఏదీ బల్ల మీద ఐదు నిమిషాలు కూడా ఉండకూడదు. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జి కాంప్‌గ్రౌండులో డేరాలని అసలు రానివ్వరు. గ్రిజ్లీలనే పెద్ద ఎలుగుల భయంతో గట్టి గోడల బండ్లనే ఒప్పుకుంటారు. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగుని చాలాసార్లు చంపేయాల్సి వస్తుంది. మనం మరిచిపోయిన గిన్నెకి శిక్ష దానికి పడుతుంది.

బండికి దోషమేమీ లేదు, కరెంటుది లెక్క. చాలా బండ్లకి 30 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే సుమారు 1,500 తింటుంది. ఇండక్షన్ పొయ్యి గట్టిగా పెడితే 1,800. అప్పటికే అంచున ఉన్నారు. దాని మీద కుక్కరు పెడితే బ్రేకరు పడిపోతుంది, పడిపోవాలి కూడా. అన్నం ఉడికే ఇరవై నిమిషాలు ఏసీ ఆపండి. తీగ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ సైటులో ఉన్న స్తంభం దగ్గర బ్రేకరు ముందు ఆపి, ఆ తర్వాతే ప్లగ్గు ముట్టుకోండి.

అమ్మా, నాకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అమెరికాలో మా అబ్బాయి జూన్‌లో మమ్మల్ని మోటారుహోములో గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్తానంటున్నాడు. బండి నడుస్తుంటే ఇంట్లో తిరిగినట్టే లోపల తిరగొచ్చు, వంట చేసుకోవచ్చు, బాత్రూము కూడా వెళ్ళొచ్చు అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. పైగా నాకు రోజూ కాకికి ముద్ద పెట్టే అలవాటుంది. మీరేమంటారు?
— తెనాలి నుంచి ఒక అమ్మ

అక్కగారూ, తప్పకుండా వెళ్ళండి. అంత లోయ అంచున నిలబడి పొద్దుగుంకడం చూడటం ఒక భాగ్యం. కానీ నడుస్తున్న బండిలో లేచి తిరగొద్దు. మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. అన్ని టన్నుల బండికి ఒక్కసారి బ్రేకు వేస్తే నిలబడ్డ మనిషి ముందుకి ఎగిరి పడతారు. పొయ్యి మీద గిన్నె కూడా ఎగురుతుంది. బండి కదిలినంతసేపూ అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవాలి. వెనక మంచం మీద పడుకోకూడదు. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో అంతమందే ఎక్కాలి. మీరు ముందు చూసే సీటులో కూర్చోండి, పక్కకి తిరిగి ఉండే సీట్లో కళ్ళు తిరుగుతాయి. బాత్రూముకి వెళ్ళాలనిపిస్తే మొహమాటపడకుండా "ఆపు నాన్నా" అనండి. రెండు గంటలకొకసారి ఆపడం నడిపేవాడికీ మంచిదే.

మెట్లు జాగ్రత్త. అవి ఇనప మెట్లు, మడుచుకుంటాయి, మొదటిది మీ మోకాలికి ఎత్తు అనిపిస్తుంది. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు, పిడి పట్టుకుని దిగండి. కింద ఒక గట్టి పీట వేయించుకోండి. రాత్రి దిగాల్సొస్తే చేతిలో చిన్న టార్చి ఉండాలి. బయట పెద్ద లైటు వెలిగించి వదిలేస్తే పక్కవాళ్ళ కిటికీలో పడుతుంది.

బాత్రూములో మన అలవాటు నీళ్ళు. వాడండి, తప్పు లేదు, కానీ చెంబు చిన్నది పెట్టుకోండి. మా బండిలో బాత్రూము మురుగు చేరే ట్యాంకు 30 గ్యాలన్లు, అంటే సుమారు 114 లీటర్లు. నలుగురు ధారాళంగా వాడితే రెండు రోజుల్లో నిండుతుంది. తుడుచుకునే తడి కాగితాలు (వెట్ వైప్స్), ప్యాకెట్టు మీద ఏమి రాసి ఉన్నా సరే, అందులో వెయ్యకూడదు. అంట్ల గిన్నెలు లోపలి సింకులోనే కడగాలి. బయట మంచినీళ్ళ కుళాయి కింద కడిగితే మెతుకులు అక్కడే పడతాయి, ఎలకలూ ఎలుగులూ అక్కడికే వస్తాయి. బియ్యం కడుగు కూడా చెట్టు మొదట్లో పోయకండి. మన పెరట్లో అది చెట్టుకి బలం, ఇక్కడ నేల మీద పోయడం నిబంధనకి విరుద్ధం.

కాకి ముద్ద గురించి మీరు అడిగినందుకు సంతోషించాను. మా అమ్మకి కూడా ఇదే అలవాటు. నేషనల్ పార్కుల్లో ఏ పక్షికీ ఏ జంతువుకీ తిండి పెట్టకూడదు, అది చట్టం. గ్రాండ్ కాన్యన్ అంచుల్లో ఉడతలు మనుషుల దగ్గరికి వచ్చి చెయ్యి చాపినట్టు నిలబడతాయి. జనం పెట్టి పెట్టి అలవాటు చేశారు. అవి కరిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి. ముద్ద తీసి, దేవుడికి చూపించి, ఇంట్లో ఎవరికైనా పెట్టండి. మా అమ్మ మాతో బండిలో తిరిగిన పది రోజులూ మావారికి పెట్టింది. దీపం, అగరొత్తి బండి లోపల వెలిగించకండి. బ్యాటరీ దీపం పెట్టుకోండి.

ఎల్లోస్టోన్ కూడా వెళ్ళేమాటైతే ఈ దూరాలు గుర్తుంచుకోండి: అడవిదున్నలకీ ఎల్కులకీ 25 గజాలు, ఎలుగులకీ తోడేళ్ళకీ 100 గజాలు. ఆవులాగా తలొంచుకుని మేస్తోంది కదా అని అడవిదున్న పక్కన ఫొటోకి నిలబడకండి. అది మనిషికన్నా ఎంతో వేగంగా పరిగెడుతుంది.

అక్కా, ట్యాంకులు ఖాళీ చేయడమంటేనే నాకు కడుపులో తిప్పుతోంది. సరిగ్గా ఎలా చెయ్యాలో ఎవరూ వివరంగా చెప్పరు.
— ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకుడు

నేను చెప్తాను, దాచాల్సిందేమీ లేదు. ముందు ఒక సంగతి విను.

పోయిన ఏడాది ఆరెగాన్ తీరంలో, ఆదివారం పదకొండు గంటలకి, డంపు స్టేషను, అంటే మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు, దగ్గర ఏడు బండ్ల వరసలో ఉన్నాం. ముందు బండి దగ్గర ఒక కుర్రాడు, ఒక చేతికే తొడుగు. పని అయింది. గోధుమరంగు పెద్ద మురుగు గొట్టం చివర చేత్తో పట్టుకుని నాలుగడుగులు నడిచి, అక్కడున్న కుళాయి మూతికి ఆనించి కడగడం మొదలుపెట్టాడు. కుళాయి పక్కన నీలం బోర్డు ఉంది, తాగునీరు అని. వెనకాల ఒక ముసలాయన తన నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు, ఏమనాలో తెలియక. బండిలోంచి కుర్రాడి భార్య "తొందరగా కానీయండి, వెనక లైనుంది" అంది, తెలుగులో. నేను దిగి వెళ్ళాను. "బాబూ, అది తాగేనీళ్ళ కుళాయి" అన్నాను. అతను గొట్టం చూశాడు, కుళాయి చూశాడు, ముసలాయన డబ్బా చూశాడు. మొహం పాలిపోయింది. "నాకు నిజంగా తెలియదాంటీ" అన్నాడు, నేను నమ్మాను. ఇద్దరం కలిసి ఆ మూతిని బ్లీచింగు నీళ్ళతో కడిగి, చాలాసేపు నీళ్ళు వదిలి, కాంప్ చూసుకునేవాళ్ళకి కూడా చెప్పాం. బండి అద్దెకిచ్చినవాళ్ళు పది నిమిషాలు కూర్చోబెట్టి చూపించి ఉంటే ఇది జరగదు.

ఇప్పుడు పద్ధతి. రెండు చేతులకీ వాడి పారేసే తొడుగులు వేసుకో. గొట్టం ఒక కొస బండికి మెలితిప్పి బిగించు, రెండో కొస నేలలో ఉన్న రంధ్రంలో దించి మీద బరువు పెట్టు. ఇది చాలామంది మరిచిపోతారు, నీళ్ళ ఒత్తిడికి గొట్టం ఎగిరి బయటికి వస్తుంది. ముందు బ్లాక్ ట్యాంకు, అంటే బాత్రూముది. అది పూర్తయ్యాక ఆ కవాటం మూసి గ్రే ట్యాంకు, అంటే సింకుదీ స్నానానిదీ. ఈ వరసకి కారణం ఉంది, సబ్బునీళ్ళు వెనకాల వస్తే గొట్టం అవే కడిగేస్తాయి. ఆ తర్వాత గొట్టం కడగడానికి విడిగా ఇంకో కుళాయి ఉంటుంది, తాగకూడదని రాసి ఉంటుంది. అదే వాడు. కింద ఏమైనా ఒలికితే కడిగే కదులు. తాగునీళ్ళకి వాడే తెల్ల గొట్టాన్నీ దీన్నీ ఒకే అరలో పెట్టకు.

కరెంటూ నీళ్ళూ మురుగూ అన్నీ ఉన్న సైటులో బ్లాక్ కవాటం తీసి ఉంచేస్తే సులువని కొందరు అనుకుంటారు. నీళ్ళు కారిపోయి గట్టిది లోపల పేరుకుపోతుంది. మూడింట రెండువంతులు నిండేదాకా మూసే ఉంచు. వరసలో వెనక ఎవరైనా ఉంటే పని అవగానే బండి ముందుకి తీసి, తర్వాత అద్దాలు తుడుచుకో.

మేడం, న్యూజెర్సీ నుంచి బాస్టన్, అక్కణ్ణుంచి మెయిన్ రాష్ట్రానికి వెళ్తున్నాం. 28 అడుగుల బండి, మొదటిసారి. ఫోన్ మ్యాపు చాలుతుందా?
— ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు

చాలదు. మామూలు ఫోన్ మ్యాపుకి మీ బండి ఎత్తు తెలియదు. పైన ఉన్న ఏసీ పెట్టెతో సహా ఎత్తు ఎంతో కొలిపించి, పెద్ద అంకెలతో కాగితం మీద రాసి స్టీరింగు ముందు అంటించుకోండి. పెద్దబండ్ల కోసం ఎత్తు అడిగి దారి చెప్పే ప్రత్యేకమైన మ్యాపులున్నాయి, వాటిల్లో ఒకటి పెట్టుకోండి. న్యూయార్కు చుట్టూ పార్క్‌వేలనే రోడ్లు కార్ల కోసం కట్టినవి, చాలాచోట్ల వంతెనలు బాగా కిందికి ఉంటాయి. బాస్టన్‌లో స్టారో డ్రైవ్ అనే రోడ్డు కూడా అంతే. సెప్టెంబరు మొదట్లో కాలేజీ పిల్లలు ఇళ్ళు మారేటప్పుడు ప్రతి ఏడాదీ ఏదో ఒక లారీ అక్కడి వంతెనకి తగిలి పైకప్పు ఊడుతుంది. పెట్రోలు బంకుల రేకుల పందిళ్ళ ఎత్తు కూడా చూసుకోండి. ముందు ముందు మోంటానాలో గ్లేసియర్ పార్కుకి వెళ్ళినా గుర్తుంచుకోండి: గోయింగ్ టు ది సన్ రోడ్డులో కొండ భాగానికి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మా 24 అడుగుల బండి కింద పెట్టి మేం పార్కు షటిల్ బస్సు ఎక్కాం.

మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాల అవతల ఉన్న తోక ఎదురు వైపుకి ఊగుతుంది. కుడికి తిరిగితే ఎడమ పక్కన ఉన్న కారుకి తగులుతుంది. ఖాళీ పార్కింగులో ఒక గంట సాధన చేసి, ఆ తర్వాతే రోడ్డెక్కండి. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి, మీకు అద్దంలో కనబడేచోట నిలబడాలి. వాళ్ళు అద్దంలో కనబడకపోతే బండి కదపకండి.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకండి, వేడెక్కి పట్టు తప్పుతుంది. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అనేవారు మా నాన్న. ఇక్కడ ఆటోమేటిక్ బండిలో కూడా కింది గేరు ఉంటుంది, ముందే వేసుకోండి. ఒంటి వరస రోడ్ల మీద వెనకాల కార్లు చేరితే పక్కకి తీసి దారివ్వండి. మా కాలిఫోర్నియాలో వెనక ఐదు బండ్లు చేరితే తీయాలని చట్టమే ఉంది. నేను మూడు చేరగానే తీస్తాను. వాళ్ళలో ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో మనకేం తెలుసు.

మా పెరట్లో ఎండిపోయిన చెట్టు కొట్టించాం. ఆ కట్టెలు కాంపింగుకి పట్టుకెళ్తే డబ్బులు మిగులుతాయి కదా?
— కొలంబస్, ఒహాయో నుంచి

పట్టుకెళ్ళొద్దు నాయనా. ఎండిన కట్టెలో పురుగులూ వాటి గుడ్లూ ఉండొచ్చు. యాష్ అనే చెట్లని తొలిచే పచ్చరంగు పురుగుని ఈ దేశంలో మొదట 2002లో డెట్రాయిట్ దగ్గర గుర్తించారు. అప్పటినుంచి కోట్లకొద్దీ యాష్ చెట్లు చచ్చిపోయాయి. అది దూరాలు దాటడానికి జనం బండ్లలో మోసిన వంటచెరకు ఒక పెద్ద కారణం. ఎక్కడ మంట వేస్తారో అక్కడే కట్టెలు కొనండి. పడుకునే ముందు నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి, బూడిద మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాకే లోపలికి వెళ్ళండి.

నమస్తే అక్కా. మాది కాకినాడ. ఆరుగురు స్నేహితులం కలిసి ఒక పాత ట్రావెలర్ వ్యానుకి మంచాలూ గ్యాసు పొయ్యీ పెట్టించాం. జూలైలో మారేడుమిల్లి వెళ్ళి వాగు ఒడ్డున రెండు రాత్రులు ఉందామని. నీళ్ళు వాగులోవే. ఏమైనా జాగ్రత్తలు చెప్తారా?

మారేడుమిల్లి పేరు చూడగానే ఈ ఉత్తరం విడిగా తీసి పెట్టుకున్నాను. మా నాన్న ఇరవై ఏళ్ళు నడిపిన దారి అది.

జూలైలో వాగు ఒడ్డున బండి పెట్టొద్దు. పైన కొండల మీద వాన పడుతుంది, కింద మీ నెత్తిన ఆకాశం తేటగానే ఉంటుంది, గంటలో నీళ్ళు వస్తాయి. ముందు నీటి రంగు మారుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి. మా నాన్న బస్సు నిండా జనంతో కల్వర్టు ముందు ఆపేసి, వాగు తగ్గేదాకా మూడేసి గంటలు కూర్చున్న రోజులున్నాయి. ప్రయాణికులు ఎంత గొడవపెట్టినా కదిపేవారు కాదు. మీరు రాత్రి నిద్రలో ఉంటే రంగు మారడం ఎవరు చూస్తారు?

ఆ వాగు నీళ్ళు కిందనున్న కొండరెడ్ల ఊళ్ళవాళ్ళు తాగుతారు. అందులో గిన్నెలు తోమడం, సబ్బుతో స్నానం, వ్యాను కడగడం చెయ్యకండి. సీసాలు రాళ్ళ మీద పగలగొట్టినవాళ్ళు మీ ముందు చాలామంది ఉన్నారు. అక్కడి పిల్లలు ఉత్త కాళ్ళతో ఆ నీళ్ళలోనే తిరుగుతారు. మీరు తెచ్చిన ప్రతి సీసా, ప్రతి ప్లాస్టిక్ కవరూ ఒక సంచిలో వేసి మళ్ళీ రాజమండ్రి దాకా పట్టుకురండి. మనుషుల్నీ వాళ్ళ ఇళ్ళనీ అడగకుండా ఫొటోలు తీయకండి. స్పీకరు వ్యాను దాటి వినబడకూడదు.

అడవిలో మీకు నచ్చినచోట ఆగిపోవడం కుదరదు, అది అటవీశాఖ భూమి. మారేడుమిల్లిలో అటవీశాఖ వాళ్ళవీ ప్రైవేటువీ విడిదులున్నాయి. వాళ్ళ ఆవరణలో డబ్బు కట్టి వ్యాను పెట్టుకోండి. అక్కడ మరుగుదొడ్డి ఉంటుంది, ఏదైనా అయితే పిలవడానికి మనిషి ఉంటాడు.

వ్యానులో గ్యాసు గురించి నాకు భయంగా ఉంది, దాచకుండా చెప్తున్నాను. పాత వ్యానులో పెట్టించిన పొయ్యికి గాలి పోయే దారి ఉందో లేదో చూడండి. వంట గ్యాసు కూడా నేల మీదికే దిగి నిలబడుతుంది, మీ మంచాలు ఉండేదీ అక్కడే. వంట బయట చేసుకోండి, పడుకునే ముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు ఆపేసి, సిలిండరు బయట పెట్టండి. ఏసీ కోసం ఇంజను నడుపుతూ అద్దాలు బిగించుకుని నిద్రపోవద్దు. రెండు అద్దాలు రెండంగుళాలు దించి, దోమతెర కట్టుకోండి.

తాగే నీళ్ళు రంపచోడవరం దాటేముందే నింపుకోండి. సాయంత్రం 5 లోపు బండి ఆపే చోటికి చేరిపోండి. ఘాటు ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ హారను కొట్టండి. ఎదురుగా భద్రాచలం బస్సు దిగుతుంటే మీరే పక్కకి తీసి దానికి దారివ్వండి.